అడ్డపట్టీ

మా ఇంట్లో చేపల తొట్టిని అందరూ ‘సార్ అక్వేరియం’ అంటారు. కొన్నది ఆయన కాబట్టి. పదకొండేళ్ళుగా వారం వారం నాలుగు బకెట్ల నీళ్ళు తోడి, నాలుగు బకెట్లు పోస్తున్నది నేను. నాచు గీకేదీ, ఫిల్టరు స్పాంజి పిండేదీ నేనే. ఈ చాకిరీకి ‘చూసుకోవడం’ అని పేరు. ఎప్పుడైనా మోటారు ఆగితే స్క్రూడ్రైవరు పట్టుకుని చేసే పది నిమిషాల పని మాత్రం ‘రిపేరు’. అది ఆయనది. రోజూ చేసేది ఆడపని, ఎప్పుడో చేసేది మగపని ఎలా అయ్యాయో మనం చాలానే రాసుకున్నాం. పోయిన చలికాలం ఆ తొట్టి అడ్డపట్టీ పగిలింది.

అడ్డపట్టీ అంటే తొట్టి పైన, సరిగ్గా మధ్యలో, ముందు అద్దాన్నీ వెనక అద్దాన్నీ కలిపే నాలుగంగుళాల వెడల్పు గాజు ముక్క. నీళ్ళు అద్దాలను బయటికి తోస్తుంటే అది రెండింటినీ పట్టి ఉంచుతుంది. మా తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండితే సుమారు 250 లీటర్లు, అంటే పావు టన్ను బరువు. పట్టీ పగిలిన వెంటనే ఏమీ కాకపోవచ్చు. కానీ పొడవాటి అద్దం నడుమ ఉబ్బుతుంది, సిలికాన్ అతుకుల మీద లాగుడు పెరుగుతుంది. టేపు పెట్టి చూశాను. చివర్లలో కన్నా మధ్యలో వెడల్పు 3 మిల్లీమీటర్లు ఎక్కువ.

ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. “శనివారం వస్తాగా, ముట్టుకోకు” అన్నారు ఫోనులో. ఆ రోజు మంగళవారం. కింది ఫ్లాట్‌లో బాలింత ఉంది. చేపల్ని ఫిల్టరుతో సహా టబ్బులోకి మార్చి, సగం నీళ్ళు తోడేశాను. ఒత్తిడి లోతును బట్టి ఉంటుంది కనుక మట్టం సగానికి దిగితే అద్దం మీద తోపుడు సగం కాదు, పావు వంతు అవుతుంది. ఉబ్బు దాదాపు పోయింది. ఇక శనివారం దాకా ఆగవచ్చు. ఆగాలనిపించలేదు.

అద్దాల షాపతను “సార్‌తో మాట్లాడించండమ్మా” అన్నాడు. కొలతల కాగితం బల్ల మీద పెట్టాను: 8 మిల్లీమీటర్ల గాజు, 4 అంగుళాలు, 17 అంగుళాలు, అంచులు అరగదీయాలి. కోసిచ్చాడు, పైసా తగ్గించలేదు. హార్డ్‌వేర్ షాపులో బాత్రూముల సిలికాన్ చేతిలో పెట్టారు. బూజు పట్టకుండా మందు కలిపిన ఆ రకం చేపలకు పనికిరాదు. మందు కలపనిది, వినిగర్ వాసన వేసేది అడిగి తెచ్చుకున్నాను.

అసలు పని గీకడం. ఎండిన సిలికాన్‌కి కొత్తది సరిగా అంటుకోదు. పాత పొరలు బ్లేడుతో తీయడానికి రెండు గంటలు పట్టింది. తర్వాత ఎసిటోన్‌తో తుడవాలి. గోళ్ళరంగు చెరిపే సీసాల్లో ఉండేది తరచూ ఇదే, కానీ వాటిలో నూనెలూ సెంట్లూ కలుస్తాయి, అందుకే విడిగా కొన్నాను. సిలికాన్ పూసి పట్టీ ఆనించడం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ పది నిమిషాలకే పేరంతా. గీకుడు మనకేం కొత్త?

ట్యూబు మీద 24 గంటలని ఉంది, నేను వారం ఆగాను. ఆ వారం ఝాన్ విల్‌ప్రూ-పవర్ గురించి చదివాను. ఫ్రాన్స్‌లో దర్జీపని చేసిన మనిషి. పెళ్ళై సిసిలీ వెళ్ళి, 1832లో సముద్ర జీవుల్ని పరిశీలించడానికి గాజు తొట్టి తయారుచేసుకుంది. ఆర్గొనాట్ అనే జీవి గుల్లను ఎక్కడో కాజేస్తుందా, తానే కట్టుకుంటుందా అన్నది అప్పటి పండితుల తగువు. ఆమె గుల్ల విరగ్గొట్టి చూసింది. ఆ జీవి తానే అతుకు వేసుకుంది. ఆ గుల్ల కట్టేది ఆడ ఆర్గొనాటే.

శనివారం ఆయన వచ్చి పట్టీ మీద వేలు పెట్టబోయారు. “వారం దాకా ముట్టుకోకండి” అన్నాను. నవ్వలేదు, కానీ చెయ్యి తీశారు.

తర్వాతి గురువారం నింపాను. నాలుగంగుళాలకోసారి ఆగి, అతుకులు తడిమి, టేపు పెట్టి కొలుస్తూ. పైదాకా నిండాక మధ్యలో తేడా ఒక్క మిల్లీమీటరు.