మంద కర్ణాటకది, చేను ఆంధ్రది

మా మేనమామ కొడుకు జింకలు చూపిస్తానంటే మడకశిర దాటి, కర్ణాటక సరిహద్దు దగ్గరి పల్లెకు వెళ్లాను. తీరా వెళ్లాక ఒక పెద్దాయన చేతుల దగ్గరే పొద్దు గడిచిపోయింది.

శెనక్కాయ చేనుగట్టున కూర్చుని ఆయన వడిసెల పేనుతున్నాడు. జనుము నారను తొడమీద అరచేత్తో దొర్లిస్తుంటే సన్నటి తాడు సాగుతోంది. రాయి పెట్టేచోట వెడల్పుగా అల్లి, కొసను పళ్లతో లాగి ముడి బిగించాడు. లేచి గిరగిరా తిప్పి వదిలితే, రాయి చేను దాటి అవతల బీట్లో పడింది.

"జింకకు తగలనీకూడదు నాయనా. బెదిరితే చాలు" అన్నాడు.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పంట మేసిందని దాన్ని చంపడానికి చట్టంలో దారి లేదు, ఉండకూడదు కూడా. సరిహద్దు అవతల, మధుగిరి తాలూకా మైదేనహళ్లి దగ్గర 798 ఎకరాల జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం 2007లో ఏర్పడింది. పచ్చటి మొలక కనిపిస్తే మందకు ఏ గట్టయినా ఒకటే.

"మంద కర్ణాటకదంట, చేను ఆంధ్రదంట. ఎవురిని అడగల్ల?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఎవరిని అడగాలో తెలిసే ఏర్పాటు ఒకటి వేరేచోట ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం తెల్లతోక జింకల బాగోగులను చాలావరకు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా చూస్తుంది. 2014 నుంచి కౌంటీ సలహా మండళ్లు ఉన్నాయి. వేటగాళ్లతోపాటు రైతులకూ వాటిలో చోటుంది. ఆ ఏడు కొమ్ముల్లేని జింకలను ఎన్నింటిని వేటాడవచ్చో ఆ మండళ్లు సిఫారసు చేస్తాయి. ఆ వేట మనకొద్దు. ఏ ప్రాంతపు మందను ఆ ప్రాంతంలోనే లెక్కపెట్టడం, పైరు పోయినవాణ్ణి పిలిచి అడగడం మాత్రం మనం నేర్చుకోవాలి. మడకశిర, మధుగిరి రైతులూ రెండు వైపుల అటవీ సిబ్బందీ ఏడాదికోసారైనా ఒకచోట కూర్చోవాలి. నష్టపరిహారానికి ఎవరి గడప తొక్కాలో రైతుకు ముందే తెలియాలి.

రాయి తగలకుండా విసిరే ఈ ఓర్పే ఇన్నాళ్లూ జింకను కాపాడింది. అది తెగిన రోజున ఎవరో ఒకరు కంచెకు కరెంటు తీగ తగిలిస్తారు.

చీకటి పడుతుంటే ఆయన మంచె ఎక్కాడు. గుంజకు ఇంకో వడిసెల వేలాడుతోంది. ఎవరిదని అడిగాను.

"కొడుక్కని పేనినా. వాడు బెంగుళూరు పోయినాడు."