దుంగల దీవిలో మూడు రోజులు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో జీవితం గడిపిన ఒక తెలుగు ఫిట్టరు భార్యతో కలసి స్టాక్‌హోం చూడబోయాడు. అక్కడి రాజప్రాసాదాల కంటే ఆయన మనసుకు పట్టినవి గుహ గోడమీది పనివాళ్ల నీడలు.

ఆంధ్ర దేశం నుంచి హౌరా వెళ్లే ప్రయాణికులలో చాలామందికి ఖరగ్‌పూర్ ఒక స్టేషను పేరు మాత్రమే. బండి ఆగుతుంది. టీ అమ్మేవాడి కేక వినబడుతుంది. కిటికీలోంచి తొంగిచూస్తే అంతు చిక్కని ప్లాట్‌ఫారం కనబడుతుంది. 1,072.5 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పెద్దదని తరాల విద్యార్థులు వల్లె వేశారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయాయి. ఆ కీర్తి కూడా పోయిన తరువాత, ఆ ఊళ్లో దిగి చూడవలసినది ఏమున్నదని ఎవరైనా అడిగితే ఆశ్చర్యం లేదు.

కాని తెలుగువారికి ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, పందొమ్మిదవ శతాబ్ది ముగుస్తున్న రోజులలో అక్కడ జంక్షన్ కట్టింది. పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. మరికొద్ది సంవత్సరాలకు వాల్తేరు నుంచి కటకం వరకు ఉన్న రైలుమార్గం కూడా ఆ సంస్థ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుంచి కూలీలు, కలాసీలు, కొలిమి పనివాళ్లు ఆ పట్టాల వెంబడే ఉత్తరానికి వెళ్లారు. వెళ్లినవారు వెనుకకు రాలేదు. అక్కడే గుళ్లు కట్టుకున్నారు, బడులు పెట్టుకున్నారు. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించిందంటే, అందుకు ప్రధాన కారణం ఈ ఊరి తెలుగువారే.

అటువంటి కుటుంబాలలో ఒకదానికి చెందినవాడు ఈ ఫిట్టరు. టెక్కలి సమీపంలోని ఒక పల్లె నుంచి వచ్చి ఆయన తండ్రి కలాసీగా చేరాడు. కొడుకు అదే వర్క్‌షాపులో ముప్ఫయి ఆరు సంవత్సరాలు రైలు పెట్టెలు మరమ్మతు చేసి రిటైరయ్యాడు. పెళ్లిళ్లకు స్వగ్రామం వెళితే చుట్టాలు ఆయనను “బెంగాలీ మావయ్య” అంటారు. ఖరగ్‌పూర్‌లో బెంగాలీ ఇరుగుపొరుగులకు ఆయన “మద్రాసీ దాదా.” ఇంతకాలం ఈ రెండు పేర్లకూ ఆయన నవ్వి ఊరుకున్నాడు. కాని ఉద్యోగ విరమణతో మథురాకాటీలోని రైల్వే క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. ఇల్లు ఎక్కడ? పల్లెలో వాటాకు వచ్చిన నాలుగు సెంట్ల స్థలం ఉన్నది. విశాఖపట్నంలో ఫ్లాటు కొనుక్కోమని కూతురి సలహా. ఖరగ్‌పూర్‌లోనే ఉందామని భార్య కోరిక. ఆమె దానిని పైకి అనలేదు. తాత్కాలికంగా ఒక అద్దె ఇంట్లో సామాను దింపి, నిర్ణయాన్ని వాయిదా వేసి, భార్యాభర్తలు స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురిని చూడడానికి బయలుదేరారు.

కూతురు ఉండేది గోథెన్‌బర్గ్‌లో. అక్కడి నుంచి రాజధాని స్టాక్‌హోంకు రైలులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. జూన్ మాసంలో ఒక శుక్రవారం ముగ్గురూ బయలుదేరారు. స్టాక్‌హోం సెంట్రల్ స్టేషన్ 1871లో ప్రారంభమైనది. రైలు దిగగానే ఆయన పెట్టెల అడుగున ఉన్న చక్రాలను వంగి చూస్తూ నిలబడిపోయాడు.

“నాన్నా, మనం ఊరు చూడడానికి వచ్చాం. బండి చూడడానికి కాదు,” అన్నది కూతురు.

“ఊరెక్కడికి పోతుందే? బండయితే వెళ్లిపోతుంది,” అన్నాడాయన.

మాలరెన్ సరస్సు బాల్టిక్ సముద్రంలో కలిసేచోట, పద్నాలుగు దీవులమీద పరచుకున్న నగరం స్టాక్‌హోం. “స్టాక్” అంటే దుంగ, “హోం” అంటే చిన్న దీవి అని అక్కడివారు చెబుతారు. ఎటు నడిచినా వంతెన, ఎటు చూసినా నీరు. మొదటిరోజు వారు పాతబస్తీ చూశారు. పసుపు, ఇటుకరంగు గోడల మధ్య రాళ్లు పరచిన సందులు. వాటిలో మార్టెన్ ట్రోట్‌సిగ్ సందు చివరికంటా వెళ్లేసరికి తొంభై సెంటీమీటర్లకు ఇరుకవుతుంది. యాత్రికులు అక్కడ ఒకరి వెనుక ఒకరు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. “దసరా ముందు మన గోల్‌బజారు ఇంతకన్నా ఇరుకు కాదూ! అక్కడ ఎవరూ ఫొటో తీయరేం?” అన్నది ఆమె. కూతురు నవ్వింది. ఆయన మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

పాతబస్తీ నడిబొడ్డున, పూర్వపు స్టాక్ ఎక్స్చేంజి భవనంలో నోబెల్ బహుమతి మ్యూజియం ఉన్నది. 1913లో సాహిత్యానికి ఆ బహుమతి పొందిన రవీంద్రనాథ్ టాగూర్ అప్పుడు అక్కడికి వెళ్లలేదు. బహుమతి మరుసటి జనవరిలో కలకత్తాలోనే గవర్నరు చేతులమీదుగా ఆయనకు అందింది. కవి స్టాక్‌హోంలో అడుగుపెట్టినది 1921 మే నెలలో. అప్పుడే తన నోబెల్ ఉపన్యాసం చేశారు. బహుమతి నిర్ణేతలలో బెంగాలీ చదవగలవారు అరుదు. టాగూర్ తన గీతాలను తానే ఇంగ్లీషులోకి మార్చుకొనగా, ఆ ఇంగ్లీషు గీతాంజలి ఆధారంగానే వారికి కవి తెలిశాడు. చలం అనువాదం ద్వారా తెలుగువారికి తెలిసినట్లే. ఒక భాషలో పుట్టినది మరొక భాషలో ఇల్లు కట్టుకొనగలదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

ఆ రాత్రి ఆమెకు ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. తొమ్మిదయినా పొద్దు గుంకలేదు. పది దాటిన తరువాత గాని సూర్యుడు దిగలేదు. దిగినా చీకటి పూర్తిగా పడలేదు. “మరి ఇక్కడ సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలే?” అని కూతురిని అడిగింది. చలికాలంలో మధ్యాహ్నం మూడు గంటలకే పెట్టుకోవచ్చునని కూతురు సమాధానం చెప్పింది.

రెండవరోజు జూర్‌గార్డెన్ దీవిలోని వాసా మ్యూజియం. అక్కడ ఉన్నది ఒకే ఒక్క ఓడ. స్వీడన్ రాజు రెండవ గుస్తావ్ అడాల్ఫ్ ఆజ్ఞతో తయారైన యుద్ధనౌక అది. అరవై నాలుగు ఫిరంగులు, ఒళ్లంతా రంగులు వేసిన వందల కొయ్యశిల్పాలు. 1628 ఆగస్టు 10వ తేదీన ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా బయలుదేరింది. ఒక గాలితెర తగిలి ఒరిగింది. ఫిరంగుల కంతలలోంచి నీరు చొరబడి, అందరి కళ్లముందే మునిగిపోయింది. అది ప్రయాణం చేసినది సుమారు 1,300 మీటర్లు.

“మన ప్లాట్‌ఫారం కంటే ఒక పావు ఎక్కువ,” అన్నాడు ఫిట్టరు.

ఆయన ఓడ చుట్టూ ప్రతి అంతస్తులోను రెండుసార్లు తిరిగాడు. శిల్పాల వైపు అంతగా చూడలేదు, అడుగుభాగాన్ని చూశాడు. రైలు పెట్టె అయినా, ఓడ అయినా, పైన బరువు పెరిగితే కింద దానికి తగిన ఆధారం ఉండాలి. వాసాకు పైన బరువు ఎక్కువ, అడుగున వెడల్పూ, బరువూ చాలవు. చిత్రమేమిటంటే, ఈ సంగతి మునగడానికి ముందే తెలుసు. రేవులో ఉండగా ముప్ఫయి మంది నావికులను డెక్కుమీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించి పరీక్ష చేశారు. మూడవ పరుగుకే ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్ష ఆపివేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు. రాజు తొందరపెడుతున్నాడు, ఆయన ముఖాన ఈ మాట చెప్పగలవాడు లేడు. తరువాత విచారణ జరిగింది గాని, ఎవరికీ శిక్ష పడలేదు.

“మా దగ్గర లోపమున్న బోగీకి సిక్ మార్కు వేస్తే, ఎంతటి ఆఫీసరైనా దానిని లైనులోకి పంపడానికి లేదు,” అన్నాడాయన కూతురితో. ముప్ఫయి ఆరేళ్ల ఉద్యోగంలో తాను చేసిన పనికి ఇంత స్పష్టమైన అర్థం ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఆ పిల్లకు తండ్రి ఉద్యోగం అంటే సైరను మోత, నూనె మరకల చొక్కా. ఆ రోజు ఆమె మొదటిసారిగా తండ్రిని ప్రశ్నలు అడిగింది. సిక్ మార్కు ఎవరు వేస్తారు? వేసినవాడిమీద ఒత్తిడి రాదా? ఆయన జవాబులు చెబుతూ పోయాడు. మ్యూజియం మూసేవేళ దాకా ఆ సంభాషణ సాగింది.

333 సంవత్సరాలు నీటి అడుగున ఉన్న ఆ ఓడ ఉనికిని 1956లో ఆండెర్స్ ఫ్రాన్జెన్ కనిపెట్టగా, 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. బాల్టిక్ జలాలలో ఉప్పు తక్కువ గనుక కొయ్యను తినే ఓడపురుగు అక్కడ బతకదు. అందువల్లనే ఓడ దక్కింది. ఎండితే పగిలిపోతుందని, పదిహేడు సంవత్సరాలపాటు దానిమీద ఒక రసాయనాన్ని నీటిలో కలిపి చల్లుతూ వచ్చారు. ఓడతో పోయినవారి ఎముకలను, చెప్పులను, పనిముట్లను కూడా భద్రపరిచారు. రాజుగారి ఘనతకోసం కట్టిన ఓడ ఆయనకు తలవంపులు తెచ్చింది. ఆ తలవంపునే ఒక జాతి ఇంత శ్రద్ధగా కాపాడుకొని, టిక్కెట్టు పెట్టి లోకానికి చూపుతున్నది.

మూడవరోజు ఉదయం సిటీ హాలు. 1923లో పూర్తయిన ఆ భవనానికి దాదాపు ఎనభై లక్షల ఎర్ర ఇటుకలు పట్టాయి. నోబెల్ విందు జరిగే అందులోని పెద్ద సభామందిరం పేరు నీలి మందిరం. వెతికినా అందులో నీలిరంగు కనబడదు. గోడలకు నీలం వేయించాలనుకున్న శిల్పి రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్, కట్టిన ఇటుకల అందం చూసి మనసు మార్చుకున్నాడు. పేరు అప్పటికే జనం నోట పడిపోయింది. “మనల్ని బెంగాలీవాళ్లన్నట్లే ఉంది,” అన్నది ఆమె. ఇటుకలకు పేరుతో పని లేదు. ఎక్కడ పేర్చారో అక్కడ గోడ అవుతాయి.

తిరుగు రైలు అందుకొనడానికి వారు భూగర్భ రైలు ఎక్కి టి-సెంట్రాలెన్ స్టేషనులో దిగారు. స్టాక్‌హోం మెట్రోలో సుమారు నూరు స్టేషన్లు ఉండగా తొంభైకి పైగా చిత్రాలతోనో, శిల్పాలతోనో అలంకరించినవే. టి-సెంట్రాలెన్‌లో లోతుగా ఉన్న ప్లాట్‌ఫారాన్ని కొండరాతిని తొలిచి కట్టారు. చిత్రకారుడు పెర్ ఒలోఫ్ ఉల్ట్‌వెట్ 1975లో ఆ గుహ గోడలపై, కప్పుపై తెలుపు నీలం రంగులతో తీగలు, ఆకులు వేశాడు. ఒకచోట మాత్రం తీగలు లేవు. మనుషుల నీడలున్నాయి. ఒకడు వెల్డింగు చేస్తున్నాడు. మరొకడు నిచ్చెనమీద ఉన్నాడు. ఆ స్టేషను కట్టిన పనివాళ్లు వారు.

ఆయన మెడ ఎత్తి నిలబడిపోయాడు. బళ్లు రెండు వచ్చి వెళ్లాయి. ఎవరూ ఆయనను తొందరపెట్టలేదు. చాలాసేపటికి భార్య అన్నది: “మన వర్క్‌షాపు గోడమీద ఇట్లా నీడలు వేస్తే, అందులో మావయ్యగారు కూడా ఉంటారు.”

ఆయన జవాబు చెప్పలేదు. రైల్లో కూర్చున్న తరువాత, టెక్కలి స్థలం తమ్ముళ్లకే వదిలేద్దామని మాత్రం అన్నాడు.

ఖరగ్‌పూర్ తిరిగివచ్చిన దంపతులు ఆ సెప్టెంబరులో ఒక ఉదయం హిజ్లీ వెళ్లారు. స్వాతంత్ర్య సమరంలో రాజకీయ ఖైదీలను నిర్బంధించిన శిబిరం అది. 1931 సెప్టెంబరు 16 రాత్రి నిరాయుధులైన ఖైదీలపై అక్కడి పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతిక కాయాలకోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీ వచ్చారు. ఆ నెలలోనే కలకత్తాలో జరిగిన బహిరంగ సభలో, డెబ్బయ్యవ పడిలో పడిన టాగూర్ ఆ దురంతాన్ని ఖండించారు. స్టాక్‌హోంలో చూసిన అదే టాగూర్! 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆ నిర్బంధ శిబిర భవనంలోనే ఆరంభమైనది. ఇప్పుడు ఆ కట్టడంలో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఉన్నది. ఉన్న ఊరిలోని ఆ గోడల మధ్యకు ఆ దంపతులు యాత్రికులుగా వెళ్లడం అదే మొదలు.

ఆ తరువాత నింపురా వైపు వారు ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నారు. ఉత్తరాది యాత్రలకు వెళ్లే శ్రీకాకుళం చుట్టాలు ఖరగ్‌పూర్‌లో బండి మారడం మామూలే. వెనుకటి రోజులలో వారు వెయిటింగ్ రూములోనే పొద్దు గడిపేవారు. ఇప్పుడు అట్లా వీలుకాదు. రెండవ బండికి ఆరుగంటల వ్యవధి ఉన్నదంటే చాలు, ఆయన ఆటో పిలుస్తాడు. వర్క్‌షాపు గేటు, గోల్‌బజారు, హిజ్లీ. గేటు దగ్గర ఆటో ఆపించి, తన తండ్రి ఎటునుంచి లోపలికి వెళ్లేవాడో చూపుతాడు. ఇందులో చూసేదేముందని ఎవరైనా నసిగితే, పులిహోర డబ్బా చేతికందిస్తూ ఆమె అంటుంది: “రండి, రండి. మా ఊరు చూద్దురు గాని.”