అది మందేటి బాబూ?

మలబద్ధకం అంటూ నా దగ్గరకు వచ్చేవాళ్లలో నిజంగా మలబద్ధకం ఉన్నవాళ్లెందరో లెక్క తీద్దామని చాలాసార్లు అనుకున్నాను. తీస్తే కోపం పెరగడం తప్ప లాభం లేదని ఊరుకున్నాను. పొద్దున్నే ఒకసారి వెళ్లకపోతే ఒళ్లంతా విషం పాకుతుందనుకునేవాళ్లు కొందరు. రెండుసార్లు వెళ్లినా ‘ఫ్రీగా’ కాలేదని దిగులుపడేవాళ్లు ఇంకొందరు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎవరి అలవాటు వారిది, ముక్కే పని లేకుండా మెత్తగా అయితే చాలు అని చెబుతాను. బుద్ధిగా వింటారు. ఇంటికి వెళ్లి డబ్బా మూత తీస్తారు.

నా గొడవంతా ఆ డబ్బాతోనే. ఛత్తీస్‌గఢ్‌లో నేనుండే జగదల్‌పూర్‌లో ఏ కిరాణా కొట్టులో అడిగినా దొరుకుతుంది. సంతల్లో అయితే డబ్బా కూడా ఉండదు, కాగితం పొట్లమే. డబ్బా ముందువైపు పచ్చటి ఆకులు, గడ్డం పెంచిన ఒక ఋషి, ‘పూర్తిగా సహజం’ అన్న మాట. వెనకవైపు, కళ్లజోడు ఉన్నా కనబడనంత చిన్న అక్షరాల్లో ‘సనాయ్’ అని ఉంటుంది. అంటే మన సునాముఖి.

సునాముఖి మంచి మందే. రెండు మూడు రోజులకు అవసరమైతే నేనూ రాస్తాను. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టాక అది పేగు గోడను కదిలిస్తుంది, మలంలోని నీటిని పేగు పీల్చేసుకోకుండా ఆపుతుంది. రాత్రి వేసుకుంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో పని కానిస్తుంది. టైము చూసుకుని మరీ ఇంత పని చేసేదాన్ని మందు కాదనడమే నాకు మింగుడుపడని విషయం.

ఒక పెద్దాయన గురించి చెబుతాను. 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పడి, 1968లో బైలదీలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలయ్యాక విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కిరండూల్, బచేలీల్లో కుదురుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి మనిషి. రిటైరయ్యాడు. గుండె కాస్త బలహీనం, బీపీ, కాళ్ల వాపులకు నీటి మాత్ర. ఆ రోజు కొడుకు మోసుకొచ్చినట్టే తీసుకొచ్చాడు. తొడలు పట్టేస్తున్నాయి, కుర్చీలోంచి లేవలేకపోతున్నాడు. ఇంకేమన్నా మందులు వాడుతున్నారా అంటే, లేవన్నాడు. రక్తం పంపితే పొటాషియం 2.5 వచ్చింది. 3.5 పైన ఉండాలి. ఈసీజీ కూడా చూడముచ్చటగా ఏమీ లేదు. నీటి మాత్ర ఒక్కటే ఇంత పని చేసిందంటే నాకు నమ్మకం కుదరలేదు. మళ్లీ అడిగాను, ఈసారి ఆయన భార్యను.

“మందులేటీ లేవు బాబూ. రాత్రేళ పొడి ఒకటే.”

“ఏం పొడమ్మా?”

“అది మందేటి బాబూ? ఆకు పొడి. పదేళ్ల బట్టీ తింతన్నారు.”

ఎంత వేస్తావని అడిగితే, ఆవిడ బల్ల మీదున్న నా పెన్ను మూత తీసి చూపించింది. మొదట్లో ఇంతేనట. తర్వాత చెంచాడయింది. ఇప్పుడు అన్నం వడ్డించే గరిటెతో సగం. గరిటె సైజు చేత్తో గాల్లో గీసి మరీ చూపించింది. భర్తకు తక్కువ చేయలేదని చెప్పడానికే గీసింది పాపం.

నీటి మాత్ర మూత్రంలో పొటాషియం పోగొడుతుంది, రోజూ నీళ్ల విరేచనాలు మలంలో పోగొడతాయి. రెండువైపులా గండి. ఆసుపత్రిలో పెట్టి పొటాషియం ఎక్కించాం, పొడి మాన్పించాం, నీటి మాత్ర మార్చాం. నాలుగో రోజుకు వరండాలో నడిచాడు. నడిచొచ్చి నన్ను అడిగిన మొదటి మాట: “మరి రేప్పొద్దున్న విరేచనం ఎలాగవుద్ది బాబూ?”

ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. ఇక్కడి పల్లెల్లో ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తీస్తారు. ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి తోడేస్తే మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. పేగు కూడా అంతే. గట్టి విరేచనంతో ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికి రెండు రోజులో మూడు రోజులో పడుతుంది. మర్నాడు రాకపోవడం జబ్బు కాదు, అక్కడ ఏమీ లేదు కాబట్టి రాలేదు. ఆ ఒక్క రోజు ఆగలేక మళ్లీ గరిటె అందుకుంటారు. పదేళ్లు గడిచేది ఇలాగే.

నేను ఆయుర్వేదాన్ని తిడుతున్నానని కొందరు చుట్టాలు అలుగుతారు. నిజానికి నా కోపం ఆయుర్వేదం తరఫున కూడా. చదువుకున్న వైద్యుడు ముందు నీ కోష్ఠం, అంటే పేగు తీరు, మృదువా, మధ్యమమా, క్రూరమా అని చూస్తాడు. ఆకలి, నిద్ర అడుగుతాడు. ఆ తర్వాతే మోతాదు, అదీ ఇన్నాళ్లని గడువు పెట్టి. డబ్బా ఏమీ అడగదు. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఆపుకోకూడని వేగాలు 13 అని చెప్పారు. మల వేగం వాటిలో ఒకటి. ఇంత గొప్ప సలహాకు రూపాయి ఖర్చు లేదు. అందుకేనేమో, ఏ డబ్బా మీదా దాన్ని అచ్చువేయరు.

ఆపుకోకూడదని చెప్పడం తేలికే. బట్టల దుకాణంలో పొద్దుటి నుంచి నిలబడే ఆడపిల్ల ఎక్కడికి వెళ్తుంది? హాస్టల్లో యాభై మందికి రెండు దొడ్లుండి, ఒకదాంట్లో నీళ్లు రాకపోతే పిల్ల ఏం చేస్తుంది? చీకటి పడేదాకా బిగబట్టుకునే పల్లె ఆడవాళ్లు, బయటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేసినవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. కబురు వచ్చినప్పుడల్లా వెనక్కి పంపిస్తుంటే, కొన్నాళ్లకు పేగు కబురు పంపడం తగ్గిస్తుంది. లోపల మలం ఎండి గట్టిపడుతుంది. ఈ పిల్లలకు చీటీ మీద నేను రాయాల్సింది మందు కాదు, తలుపున్న మరుగుదొడ్డి. అది రాస్తే ఏ మందుల షాపువాడూ ఇవ్వడు. వాళ్ల మీద అరవడానికి నాకు నోరు రాదు.

మళ్లీ డబ్బాల సంగతికి వస్తే, కొన్నిటి మీద త్రిఫల అని ఉంటుంది. త్రిఫలకు కావలసినవన్నీ ఈ అడవిలోనే ఉన్నాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఆదివాసీ ఆడవాళ్లు ఏరి, ఎండబెట్టి, బుట్టల్లో సంతకు తెస్తారు. 2020 ప్రాంతంలో ప్రభుత్వ మద్దతు ధర కిలో కరక్కాయకు 15 రూపాయలు, తానికాయకు 17. అవి ఊళ్లు తిరిగి, పొడై, డబ్బాలో కూర్చుని ఎంత ధరకు వెనక్కి వస్తాయో కొనేవాళ్లకు తెలుసు. త్రిఫల మితంగా వాడితే నాకు అభ్యంతరం లేదు. దాని పేరు పెట్టి సునాముఖి కలిపి అమ్మితేనే అభ్యంతరం.

పోనీ, అడవిలో ఉన్నవాళ్లకు ఈ బాధ లేదా? ఒకప్పుడు ఇంత లేదనే అనుకుంటాను. సంతలో చూడండి, ముసలామె సొరబుర్ర వంచి అడ్డాకు దొప్పలోకి మండియా పేజ్ పోసుకుంటుంది. చోడి పిండి, అంటే రాగి పిండి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉడుకుతున్న నూకల్లో కలిపి కాచిన పుల్లటి అంబలి. నీళ్లూ అదే, తిండీ అదే. వానాకాలంలో చరోటా లాంటి ఆకుకూరలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల చోళ్లలో పీచు 11 గ్రాములు, మరబియ్యంలో 3 గ్రాములకు లోపే. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్, 1972లో లాన్సెట్ పత్రికలో తోటివారితో కలిసి రాసిందీ ఇదే: ముడి ధాన్యం తినే పల్లెవాళ్లకు తిన్నది ఒకటిన్నర రోజులో బయటికి వచ్చేస్తే, ఇంగ్లండు తిండి తినేవాళ్లకు మూడు రోజులు దాటుతోంది. ఆయన్ను ఇక్కడికి తీసుకొచ్చి పేజ్ తాగించాల్సింది.

2012 ఆహార భద్రతా చట్టం వచ్చాక ఛత్తీస్‌గఢ్‌లో పేద కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం దాదాపు ఉచితంగా అందింది. ఆకలి ఎరిగినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు, నేనూ పట్టను. కానీ పళ్లెంలో తెల్లన్నం కొండలా పెరిగి, పక్కన కూర చెంచాడయింది. పేజ్ పోసుకునే సొరబుర్ర అటకెక్కింది. పేజ్ అంటే కుర్రాళ్లకు నామోషీ. రాయ్‌పూర్ హోటళ్లలో అదే చోడి జావకు మర్యాద దొరుకుతోంది.

దర్భా వైపు నుంచి ఒక ధుర్వా ఆదివాసీ అమ్మాయి వచ్చింది, ఏడో నెల గర్భిణి. వెంట మితానిన్ ఉంది, మన ఆశా కార్యకర్త లాంటి మనిషి. అమ్మాయికి హిమోగ్లోబిన్ ఏడుకు కాస్త పైన. ఐరన్ మాత్రలు నెలనెలా తీసుకుంటూనే ఉంది, ఇంటి చూరులో దాస్తూనే ఉంది. ఎందుకమ్మా అంటే ముఖం దించుకుంది. మితానిన్ అడిగి చెప్పింది: మాత్ర వేసుకుంటే మలం రాయిలా, బొగ్గులా నల్లగా వస్తోందట. లోపల బిడ్డ మాడిపోతోందేమోనని మానేసిందట. పైగా ఆ నలుపు కడిగేయడానికి సంతలో విరేచనాల పొట్లం కొని రెండుసార్లు మింగింది.

ఐరన్ తింటే నల్లగానే వస్తుంది, కొందరికి గట్టిపడుతుంది, బిడ్డకేమీ కాదు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మాత్రలు చేతికిచ్చినవాళ్లెవరూ చెప్పలేదు. “నాకూ ఎవరూ చెప్పలేదు సాబ్” అంది మితానిన్. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఊరుకున్నాను. సికిల్ సెల్ పరీక్ష చేయించాం, లేదు. ఐరన్ సూదిమందుగా ఎక్కించాం. తర్వాత మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకో, దాని దగ్గర్లో టీ వద్దు, పేజ్ వద్దు, పగలు మాత్రం కడుపునిండా పేజ్ తాగు, జామకాయ తిను అన్నాను. పేజ్ తాగమని డాక్టరు చెప్పినందుకు ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

అందరి కథా అలా నవ్వుతో తేలదు. జగదల్‌పూర్‌లోనే కొట్టున్న ఒకతను ఉండేవాడు, తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. నన్ను అన్నయ్యా అని పిలిచేవాడు. యాభై దాటాక అలవాటు మారింది. నాలుగు రోజులు బిగపట్టేది, ఆ వెంటనే రెండు రోజులు నీళ్లలా పోయేది, మలం సన్నబడింది. పొడి మొదలుపెట్టాడు. రక్తం కనబడింది. పొడి అమ్మినవాడు మొలలన్నాడు, మొలలకు ఇంకో పొడి ఇచ్చాడు. రెండేళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నా దగ్గరకు వచ్చేసరికి పాలిపోయి ఉన్నాడు, బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. విశాఖ పంపాను. కొలనోస్కోపీలో పేగు లోపలి పొర నల్లగా మారి ఉంది, సునాముఖి ఏళ్ల తరబడి వాడితే వచ్చే మరక అది. దానివల్ల ప్రమాదం లేదు, మానేస్తే పోతుంది. ఎడమవైపు పేగును సగం మూసేసిన గడ్డ మాత్రం కేన్సర్.

పొడి వల్ల కేన్సర్ రాలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. పొడి దాన్ని కప్పిపెట్టింది. బిగపట్టినప్పుడల్లా కాస్త దారి తీసింది, తీసినప్పుడల్లా ఇతను ‘పనిచేస్తోంది’ అనుకున్నాడు. ఆపరేషన్ చేశారు. అప్పటికే కాలేయానికి పాకింది. కీమో రోజుల్లో ఫోన్ చేసి, “అన్నయ్యా, ఈ మందులకు మలబద్ధకం వస్తోంది, సైడ్ ఎఫెక్టు లేని ఆకు పొడి ఏదన్నా ఉంటే చెప్పు” అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. మరుసటి ఉగాదికి అతను లేడు.

యాభై ఏళ్ల ప్రాంతంలో ఉన్నట్టుండి అలవాటు మారినా, రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా పొడి జోలికి పోకండి. ఎవరో ఒక డాక్టరు చేత పరీక్ష చేయించుకోండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోవడం లేదంటే ఆముదం, పొడి, ఎనీమా ఏదీ వద్దు, ఆసుపత్రికే. థైరాయిడ్ తగ్గినా, కొన్ని బీపీ, నొప్పి మాత్రలు వాడినా మలం బిగుస్తుంది. ఇవేవీ లేని మామూలు మలబద్ధకానికి నా వైద్యం చూసి ఫీజు దండగనుకుంటారు: పొద్దున టిఫిన్ తిన్న పావుగంటకు, వచ్చినా రాకున్నా, ఫోన్ బయట పెట్టి వెళ్లి కూర్చోండి. తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది. కుర్చీ దొడ్డయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. చోళ్లు, ఆకుకూర, బొప్పాయి, జామ. చాలకపోతే ఇసబ్‌గోల్, దాంతోపాటు పెద్ద గ్లాసుడు నీళ్లు. నీళ్లు లేకుండా అదే గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది.

ఇప్పుడు నేను ఏ మందులు వాడుతున్నారని అడగడం మానేశాను. ఇంట్లో నోట్లోకి వెళ్లే ప్రతి డబ్బా, సీసా, పొట్లం సంచిలో వేసుకు రమ్మంటున్నాను. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు నిజంగానే తెచ్చారు. మూడు రకాల చూర్ణాలు, అన్నీ అడుగంటినవే. అట్టడుగున, సీలు కూడా తీయని సీసా ఒకటి. నేను రాసిన లాక్టులోజ్ సిరప్. పేగును కొరడా పెట్టి కొట్టకుండా, మలంలో నీరు నిలిపి మెత్తబరిచే మందు.

“ఇది తాగలేదేం మాస్టారూ?”

“అది ఇంగ్లీషు మందు కదండీ. అలవాటు పడిపోతామని భయమేసి...”