చొంగ తుడిచే చేయి

మూడో నెల దాటిన బిడ్డ చొంగ కారుస్తుంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "పళ్లొస్తున్నట్టున్నాయమ్మా" అంటారు. పళ్లు చాలామందికి ఆరో నెల ప్రాంతంలో వస్తాయి. చొంగ వాటికోసం ఆగదు. నోట్లో ఉమ్మి ఊరడం ఎక్కువవుతుంది, ఊరినదంతా మింగే నేర్పు ఇంకా రాదు, పైగా పిడికిలి రోజంతా నోట్లోనే. జబ్బు కాదది. ఆ తడిసిన గడ్డాన్ని చూస్తే నాకు ముద్దొస్తుంది. అదే గడ్డం ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేస్తే మాత్రం ప్రాణం విలవిల్లాడుతుంది.

పసివాళ్ల చర్మం పైపొర మనదానికన్నా పలచన. ఎప్పుడూ తడిగా ఉంటే ఆ పొర నానిపోతుంది. లాలాజలంలోని, ఆహారాన్ని అరిగించే ఎంజైములు నానిన చోట మంట పెడతాయి. సరిగ్గా అప్పుడే మనం తుడుస్తాం. అమ్మ కొంగు, నాన్న జేబురుమాలు, తాతయ్య భుజమ్మీది తువ్వాలు! ఎత్తుకున్న ప్రతివాళ్లూ ప్రేమకొద్దీ ఒకసారి గడ్డం తుడిచిగానీ దించరు. కందిన చర్మాన్ని పుండు చేసేది ఆ రాపిడే. తుడవకండి, మెల్లగా అద్దండి. నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలుచీర చింపి, ఉతికి ఆరేసిన ముక్కలకు సాటివచ్చే గుడ్డ నేనింతవరకు బజారులో చూడలేదు. పాలు ఎండి అంటుకుంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు ఆనించి, పొడిగుడ్డతో అద్దితే చాలు. మెడ ముడతలు కూడా విప్పి ఆరనివ్వాలి. పాలూ చొంగా కలిసి దిగేది అక్కడికే. తడిసిన బిబ్బు వెంటనే మార్చాలి, నిద్రపుచ్చేముందు విప్పేయాలి.

అసలు కిటుకు ముందుగా రాయడంలో ఉంది. పనసకాయ కోసేవాళ్లు జిగురు అంటాక కాదు, కత్తి పట్టకముందే చేతికి నూనె రాసుకుంటారు కదా! పాలకు ముందు, నిద్రకు ముందు, పొడిగా ఉన్న గడ్డానికీ బుగ్గలకూ వాసన కలపని వాజలీన్ పలచగా రాయండి. 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో అమెరికాలో పేటెంటు పొందిన ఆ జెల్లీలో మందేమీ లేదు. తడిని చర్మానికి తగలనివ్వదు. మనకు కావలసిందీ అదే.

పౌడరు వద్దు. తడికి ముద్దకట్టి ముడతల్లో ఒరుసుకుంటుంది, ఎగిరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. సున్నిపిండి ఒంటికి ఎంత మంచిదని పెద్దవాళ్లు చెప్పినా, కందిన బుగ్గమీద దాని గరుకు వద్దు. మేనమామ గడ్డం గీసుకుని వచ్చాకే ముద్దులు. నాకు అన్నిటికన్నా భయం మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులంటే. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పకుండా బిడ్డ ముఖానికి అది తాకకూడదు.

పొక్కులు రసి కారి తేనెరంగు పెచ్చు కట్టినా, మెడ ముడతలో ఎరుపు నిగనిగలాడుతూ చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపించినా, జ్వరం తగిలినా, పాలు సరిగా తాగకపోయినా ఇంటి వైద్యం ఆపి, ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.