పసిబిడ్డ పొట్టలో తిరిగే చక్రం

"పళ్ళు వస్తున్నాయి, అందుకే ఆ విరేచనాలు." మన పల్లెల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ తరతరాలుగా చెబుతూ వచ్చిన మాట ఇది. అది ఊరికే పుట్టిన మాట కాదు. ఆరు నెలలు మొదలు రెండేళ్ళ లోపు బిడ్డకు పళ్ళు వస్తాయి. ప్రమాదకరమైన అతిసారం విరుచుకుపడేదీ ఎక్కువగా ఆ వయసులోనే. రెంటినీ పక్కపక్కనే చూసిన కన్ను ఒకటి మరొకదానికి కారణమని భ్రమపడింది. కాని ఆ భ్రమకు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. "పళ్ళు రాగానే అవే తగ్గుతాయి" అని ఒక్క పూట ఉపేక్షిస్తే చాలు. కళ్ళు లోతుకుపోయి, నాలుక పిడచగట్టి, ఏడ్చినా కన్నీరు రాని స్థితికి బిడ్డ చేరుకోవచ్చు.

అసలు దోషుల్లో ముఖ్యమైనది 1973లో బయటపడింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు, జబ్బుపడిన పిల్లల పేగు నుంచి తీసిన చిన్న తునకలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. వాటిలో ఆకులు బిగించిన బండిచక్రాల వంటి ఆకారాలు కనిపించాయి. లాటిన్ భాషలో 'రోటా' అంటే చక్రం. ఆ విధంగా దానికి రోటావైరస్ అన్న పేరు స్థిరపడింది.

పేరు ఒకటే అయినా రూపాలు అనేకం. ఈ వైరస్ జన్యుపదార్థం ఒకే పోగుగా ఉండదు. 11 వేర్వేరు ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలోకి చొరబడితే, రెండు పేకకట్టలను కలిపి పంచినట్లుగా, ఆ ముక్కలు తారుమారై కొత్త రకం పుట్టవచ్చు. పైపొరలోని రెండు మాంసకృత్తులను బట్టి శాస్త్రజ్ఞులు 'జి' రకాలనీ, 'పి' రకాలనీ వర్గీకరించి అంకెలు వేశారు. భారతదేశంలో ఈ వైవిధ్యం మరీ ఎక్కువ. కొన్నేళ్ళు ప్రబలిన రకం వెనుకబడి, వేరొకటి ముందుకు వస్తుంది. ఒకసారి కోలుకున్న బిడ్డను వైరస్ మళ్ళీ పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

పల్లె బతుకులో మరొక విశేషం ఉన్నది. లేగదూడా పసిబిడ్డా ఒకే వాకిట పెరుగుతారు. దూడలకూ రోటావైరస్ సోకుతుంది. మనిషి వైరస్, పశువు వైరస్ కలగలిసిన దాఖలాలు మన దేశంలోనే లభించాయి. బెంగుళూరులో నవజాత శిశువులలో కనుగొన్న 'ఐ321' అనే రకంలో 11 ముక్కలకు 9 పశువుల వైరస్‌కు చెందినవే.

ఇటువంటి కలయికే ఒక మేలుకు దారితీసింది. 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం ఒక వింతను గమనించింది. అప్పుడే పుట్టిన శిశువులకు వైరస్ సోకింది, కాని జబ్బు చేయలేదు. పైగా, తర్వాతి కాలంలో రోటావైరస్ విరేచనాల నుంచి వారికి రక్షణ కలిగింది. '116ఇ' అని పేరుపెట్టిన ఆ రకంలో 10 ముక్కలు మనిషి వైరస్‌వి, ఒక్కటి పశువు వైరస్‌ది.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన 'రోటావాక్' చుక్కల మందుకు ఆ రకమే బీజం. ఢిల్లీ, పుణే, వెల్లూరు కేంద్రాలలో 6,799 మంది శిశువులపై జరిపిన పరీక్షలలో, మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను అది సుమారు 56 శాతం మేరకు నివారించింది. ఒకే రకంతో చేసిన మందు వేర్వేరు రకాల మీదా పనిచేయడం విశేషం. 2014లో దానికి అనుమతి లభించింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటావైరస్ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే 56 అంటే నూరు కాదు. విరేచనాలు కలిగించే క్రిములు ఇంకా ఎన్నో ఉన్నాయి. అందుచేత ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో చుక్కలు వేయించిన తల్లి కూడా ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని మరువరాదు. చనుబాలు మాన్పరాదు. వైద్యులు చెప్పినన్నాళ్ళు జింకు మాత్ర ఆపరాదు. బిడ్డ మగతగా పడి ఉంటే ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం చేయరాదు.

"పళ్ళు వస్తున్నాయి" అన్న మాట ఇంటిల్లిపాదీ మురిసిపోవలసిన శుభవార్త. దానిని జబ్బుకు సమాధానంగా చెప్పుకోవడం మానివేసిన నాడు ఎందరో పసివాళ్ళు బతికి, ఆ పళ్ళతోనే నవ్వుతారు.