జర్మన్‌లో వాన ముచ్చట, ఎండ ముచ్చట

జర్మన్ మాట్లాడేచోట ముఖపరిచయం మాత్రమే ఉన్న మనిషితో మాట కలపడానికి మొదటి ఆసరా వాతావరణం. లిఫ్టులోనో బస్‌స్టాపులోనో ఒక వాక్యం, దానికో జవాబు, అంతే. "ష్యోనెస్ వెటర్ హోయ్టె" (ఈరోజు వాతావరణం బాగుంది) అని ఒకరంటే రెండోవారు ఒప్పుకోవాలి. లెక్కలు తీసి కాదనడం మర్యాద కాదు. వాక్యం చివర మన "కదా" లాంటి తోక ఒకటి తగిలిస్తారు. ఉత్తరాన అది "నె", దక్షిణాన "గెల్".

2022-23 శీతాకాల సెమిస్టరులో జర్మనీలోని విదేశీ విద్యార్థుల సంఖ్యలో భారత్ చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి అటు వెళ్లేవారికి ఈ ముచ్చటలో ఎదురయ్యే చిక్కు చాలావరకు ఇంగ్లిష్ మీదుగా వెళ్లడం వల్ల వచ్చేదే. "ఐ యామ్ కోల్డ్"ను మనసులో పెట్టుకొని "ఇష్ బిన్ కాల్ట్" అంటే తాను మనసు చల్లబడ్డ మనిషినని చెప్పుకున్నట్టు. వేడిగా ఉందని చెప్పబోయి "ఇష్ బిన్ హైస్" అంటే ఇంకా ఇబ్బంది, అది సరసపు మాటలా వినిపిస్తుంది. ఎదుటివారు నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది. "నాకు సలి పెడ్తున్నది" అనే ఊరి మాటనుంచి నేరుగా వెళ్తే "మియర్ ఇస్ట్ కాల్ట్" తనంతట తానే వస్తుంది, "మియర్" అంటే "నాకు" కాబట్టి. పెద్దవారిని "ఇస్ట్ ఈనెన్ కాల్ట్?", స్నేహితుణ్ణి "ఇస్ట్ డియర్ కాల్ట్?" అని అడగడంలో మీకు, నీకు తేడా కూడా మనదే. వాన దగ్గర మాత్రం తెలుగు సాయం రాదు. "ఎస్ రేగ్‌నెట్"లో (వాన పడుతోంది) ఎవరినీ సూచించని ఆ "ఎస్" తప్పనిసరి.

అసలు తేడా మంచి వాతావరణం అంటే ఏమిటన్నదాంట్లో ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మోసే ఇబ్రహీంపట్నంలో చూపంతా పెద్దచెరువు మీదే. మబ్బు పడితే శుభవార్త. జర్మనీలో "ష్యోనెస్ వెటర్" అంటే ఎండ. మబ్బుల రోజును మెచ్చుకుంటే వింతగా చూస్తారు. అక్టోబర్‌లో తరగతులు మొదలయ్యాక ఎండను అంతగా మెచ్చుకోవడం ఎందుకో అర్థమవుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. డిసెంబర్‌లో బెర్లిన్‌లో నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. ఆ నెలల్లో మాటలన్నీ చీకటి మీద ఫిర్యాదులే.

మన కార్తెల వంటి నమ్మకాలు వాళ్లకూ ఉన్నాయి. మే 11 నుంచి 15 దాకా "ఐస్‌హైలిగె", మంచు సాధువుల రోజులు. అవి దాటాకే టమాటా నారు బయట నాటాలంటారు. ఇక్కడ అవి రోహిణి కార్తెకు ముందు మండిపోయే రోజులు. జూన్ 27న, మనకు ఆరుద్ర కార్తె నడుస్తుండగా, వాళ్లకు "జీబెన్‌ష్లేఫర్". ఆ రోజు వాతావరణమే ఏడు వారాలు ఉంటుందని నమ్మకం. ఒక్క రోజుకు అంత శక్తి లేకపోయినా, జూలై మొదట్లో ఎత్తున వీచే జెట్ గాలులు ఒక దారిలో కుదురుకోవడం వల్ల దక్షిణ జర్మనీలో అది కొంత నిజమవుతుంది.

వేసవిలో వేడి మీద గొణుగుడు విని నవ్వకూడదు. 2019 జూలై 25న డ్యూయిస్‌బర్గ్‌లో 41.2 డిగ్రీలు నమోదైంది. మన మే నెలకు అదో లెక్క కాదు గానీ, అక్కడ చాలా ఇళ్లలో ఏసీ ఉండదు. అప్పుడు "యా, జేర్ హైస్" (అవును, చాలా వేడి) అని ఒప్పుకొని, "ష్యోనెన్ టాగ్ నోఖ్" (మిగతా రోజు బాగా గడవాలి) అని సెలవు తీసుకుంటే సరిపోతుంది.