మీడియం అంటే మధ్యరకం కాదు

సావనీరుకి ఏదైనా రాసి పంపమని సంపాదక మిత్రులు అడిగారు. పాత విద్యార్థి కదా, ఆనాటి సమ్మెలూ, ఎన్నికల గోలా, మెస్ సాంబారూ రాస్తాడని వాళ్ళ ఆశ కాబోలు. అవన్నీ నాకంటే బాగా రాసేవాళ్ళు వున్నారు. నేను గిటారు తీగల గురించి రాస్తాను. నవ్వకండి. నలభయ్యేళ్ళుగా నన్ను వదలని సంగతి ఒకటి అందులో వుంది.

ముందే మనవి చేసుకుంటున్నాను, నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. చదివింది ఎకనామిక్స్. 1983లో వాల్తేరు హాస్టల్లో నా రూమ్మేటు ఫిజిక్సువాడు. వాళ్ళది రాజోలు. అందరం అతణ్ణి "రాజోలూ" అనే పిలిచేవాళ్ళం. ఇక్కడా అలాగే పిలుస్తాను. అసలు పేరు రాస్తే వూరుకోడు. అతనికో గిటారు వుండేది. కలకత్తాలో చేసినది. వాళ్ళ అక్క టీచరుగా చేరిన కొత్తలో మొదటి నెల జీతానికి మరికొంత చేర్చి కొనిచ్చింది. ఆ మరుసటి ఏడే ఆమెకి పెళ్ళయింది. బావగారికి పాటలూ గీటలూ గిట్టవట. అయినా సరే, మా కాలేజి వార్షికోత్సవానికి వచ్చి తమ్ముడి వాయింపు విని తీరతానని ఆవిడ వుత్తరం రాసింది. ఆ వుత్తరం గిటారు కవరు జేబులోనే వుండేది.

ఆ గిటారు ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. అది గది నిబంధన. అప్పుడు 'అభిలాష' పాటలు హాస్టలంతా మోగుతుండేవి. వచ్చినవాడల్లా "ఏదీ, ఒకసారి యియ్యి" అనేవాడు. మావాడు కుళాయి చూపించేవాడు. యింత చేసినా సముద్రపు గాలి వూరుకుంటుందా? తీగలు తుప్పు పట్టి గరగరలాడేవి. బజార్లో తీగలు విడివిడిగా దొరికేవి. ఒకటో తీగ, రెండో తీగ అని చుట్ట చుట్టి యిచ్చేవారు గాని, అది ఎంత మందమో యిచ్చేవాడికీ తెలీదు, పుచ్చుకునేవాడికీ తెలీదు.

1984 సంక్రాంతికి రాజోలు వూరికి వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. ఆ పండక్కి ఓడలో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు సింగపూరు నుంచి దిగాడు. నేను అడిగి తెప్పించిన గిటారు తీగలు రెండు పాకెట్లు ముందు పడేసి, "ఏది కావాలిరా? రెండోది మా బోటువాడికి యివ్వాలి" అన్నాడు. ఒకదాని మీద 'లైట్' అనీ, రెండోదాని మీద 'మీడియం' అనీ అచ్చయి వుంది. నేను చొక్కా సైజుల లెక్క వేశాను. లైట్ అంటే పలచన, అంటే నాసి. మీడియం అంటే మధ్యరకం, అన్నిటికీ పనికొచ్చేది, సంసారపక్షమైనది. మీడియం తీసుకున్నాను. మిత్రుడు వచ్చేసరికి కొత్త తీగలతో గిటారు మెరిసిపోవాలని, ఆ సాయంత్రమే పాతవి విప్పేసి కొత్తవి కట్టేశాను. చేతులు మాత్రం కడుక్కున్నాను.

ఏం మోత, ఏం మోత! పక్క గదుల వాళ్ళు వచ్చి చూశారు. మైకు లేకుండానే ఆడిటోరియం చివరిదాకా వినిపిస్తుందన్నారు. వేళ్ళు మాత్రం పది నిమిషాలకే మండిపోయాయి. కొత్తవి గదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా కనిపించాయి. శృతి దిగజారింది. పరిశీలించి చూస్తే బ్రిడ్జి వెనకభాగం చెక్క నుంచి కాస్త లేచింది. దాని వెనక పలక వుబ్బింది. "ఎల్లుండి వస్తున్నాను" అని రాజోలు రాసిన పోస్టుకార్డు బల్ల మీద వుంది. దాని మూల ఆ సందులో పెట్టి చూశాను. లోపలికి వెళ్ళిపోయింది.

తీగలు వదులు చేసి, గిటారు దుప్పట్లో చుట్టి, ఫిజిక్స్ మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా శాఖ కాదు, కాని రాజోలు ఆయన శిష్యుడు. "ఏమోయ్ ఎకనామిక్సూ, శవాన్ని తెచ్చినట్టు తెచ్చావేం?" అన్నారు. విషయం విని స్క్రూగేజి తెప్పించి మొదటి తీగ కొలిచారు. 0.33 మిల్లీమీటర్లు. నేను విప్పి పారేసిన పాత తీగ జేబులో వుంటే అదీ కొలిచారు. 0.25.

"తేడా వెంట్రుకవాసి కదా సార్?" అన్నాను.

"పాకెట్ మీది అంకె అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. నీ కొత్తది పదమూడు, వాడి పాతది పది. తీగ బరువు మందాన్ని బట్టి కాదోయ్, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువైన తీగ అదే స్వరం పలకాలంటే అంతకంత బిగించాలి. సోనామీటరు ప్రయోగంలో చేసేది యిదేగా. పది పదులు వంద, పదమూడు పదమూళ్ళు?"

"నూట అరవైతొమ్మిది."

"అదీ!" అని కాగితం మీద లెక్క వేశారు. తీగ పొడవు 65 సెంటీమీటర్లు, స్వరం సెకనుకి 330 కంపనాలు. పది తీగ లాగుడు ఏడున్నర కిలోలు, పదమూడుది పన్నెండున్నర. ఆరు తీగలూ కలిపితే పాతవి 60 కిలోల దరిదాపు, కొత్తవి 80 దాటి.

"నీ బరువెంత?"

"యాభైరెండు సార్."

"నీకంటే బరువైనవాడు రాత్రింబవళ్ళు ఆ బ్రిడ్జిని పట్టుకు లాగుతున్నాడన్నమాట. అది మాత్రం ఏం చేస్తుంది?"

గిటారు తీగల భాషలో మీడియం అంటే మధ్యరకం కాదనీ, మామూలుగా దొరికేవాటిలో బాగా మందమైన రకాల్లో అదొకటనీ, లైట్ అనేదే సాధారణ రకమనీ నాకు చాలా తర్వాత తెలిసింది. పేరు పెట్టినవాడెవడో చొక్కాలు కొనడానికి వెళ్ళి వుండడు.

కొబ్బరితోట దగ్గర ఒక ముసలి వడ్రంగి మేస్త్రీ వుండేవాడు. "ఏటి బాబూ, యింత నాజూకు చెక్కకి యిన్ని పగ్గాలు కట్టేసినారు?" అని, వజ్రం బంక కాచి పోసి, క్లాంపులు బిగించి రెండు రోజులు వుంచాడు. మాస్టారు నాకు స్క్రూగేజి అరువిచ్చారు. జగదాంబ దగ్గర కొట్లో ఒక్కో తీగా కొలిచి కొన్నాను. కొట్టాయన నన్ను చూసిన చూపు యింకా గుర్తుంది.

రాజోలు వచ్చాడు. దాచలేదు, అంతా చెప్పాను. గిటారు వెలుతురుకి పట్టి అతుకు మీద బొటనవేలు పోనిచ్చాడు. "ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్నావా?" అని అడిగాడు. కడుక్కున్నానన్నాను. వారం రోజులు మరి మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

వార్షికోత్సవానికి అక్క వచ్చింది. ముందు వరసలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తర్వాత, "ఏమిట్రా, మునుపటిలా లేదు? కాస్త మారినట్టుంది" అంది. నా గుండె ఆగినంత పనయింది. మావాడు నావైపు చూడకుండానే, "సముద్రపు గాలి అక్కా" అన్నాడు.

యిప్పుడు హాస్టళ్ళలో గిటార్లు చాలానే కనిపిస్తున్నాయి గనక, నా ఖర్చుతో నేర్చుకున్నది నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పదో పదకొండో వాడితే వేళ్ళు బతుకుతాయి. పన్నెండు పెద్ద గిటారుకి మామూలు. చిన్న పెట్టెకీ, పాత గిటారుకీ సన్నవే మేలు. పదమూడు కట్టే ముందు ఆ గిటారు దానికి తట్టుకునేట్టు చేసిందో లేదో కనుక్కోండి. మోత మీద అంతగా మోజుంటే ఒక స్వరం దించి శృతి చేసుకోండి, లాగుడు అయిదోవంతు తగ్గుతుంది. మందం మారిస్తే మెడ వంపూ మారుతుంది; అది సరిచేసేవాడికి చూపించాలి. ఇక నైలాన్ తీగల గిటారుకి ఉక్కు తీగలు మాత్రం పొరపాటున కూడా కట్టకండి. దాని ప్రాణం 40 కిలోల లాగుడికే.

2023 డిసెంబరులో రాజోలు వెళ్ళాను. అక్క లేదు. గిటారు గోడకి వుంది, బ్రిడ్జి వెనక ఆ సన్నటి గీతతో సహా. మావాడికి వేళ్ళ కీళ్ళు నొప్పులు, అయినా రోజూ కాసేపు వాయిస్తాడు. నేను తీసుకెళ్ళిన పాకెట్ చేతికిచ్చాను. థాంక్స్ అయినా చెప్పకుండా కళ్ళజోడు తెమ్మని మనవణ్ణి పంపాడు. జోడు పెట్టుకుని, పాకెట్ దీపం దగ్గర పెట్టి అంకె చదివాడు. పది. అప్పుడు లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.